సంసారమునకు ముందు సంచారము

మొన్నటి సంక్రాంతి సెలవులలో నా పూర్వశిష్యుడొకడు భార్యతో గూడ ప్రొద్దుటూరిలోని మా యింటికి వచ్చెను. అతనిది పులివెందుల దాపున నొక పల్లె, ఆమెది జమ్మలమడుగు. ఇరువురును ఉపాధ్యాయులే. అతడు గణితము, ఆమె సాంఘికశాస్త్రము చెప్పుదురు. అతనికి 29 ఏండ్లు, ఆమెకు 27. పెండ్లియై రెండేండ్లు గడచినవి. కుశలప్రశ్నలు ముగిసిన తరువాత, అందరు పెద్దలవలెనే నా భార్యయు ఆ యమ్మాయిని "ఏమన్నా విశేషముందా తల్లీ?" అని యడిగెను. తెలుగునాట ఈ ప్రశ్నకు అర్థము వివరింప నక్కరలేదు. ఆ యమ్మాయి నవ్వి, "విశేషముంది గాని, మీరనుకునేది కాదమ్మా" అనెను.

విశేషమేమనగా, వారిరువురును ఒక సంవత్సరము జీతము లేని సెలవు పెట్టి దేశమంతయు తిరుగ నిశ్చయించుకొనిరి. కన్యాకుమారితో మొదలుపెట్టి, తూర్పుతీరము వెంబడి కాశికి, అటనుండి హిమాలయములకు, బ్రహ్మపుత్రా లోయకు పోయి, రాజస్థానపు టెడారి మీదుగా మరలి వత్తురట. ఆ తరువాతనే సంతానము. ఇందులకై ఐదు లక్షల రూపాయలు కూడబెట్టుకొనిరి. రెండు వైపుల పెద్దలకును ఇది రుచించలేదు. "ఆ దుడ్లతో ప్రొద్దుటూరులో బంగారమన్నా కొనుక్కోండి, లేదంటే కడపలో స్థలమన్నా కొనుక్కోండి" అని పిల్లవాని తండ్రి. "పిల్లోడు పుట్టినాక పోతే ఎవరొద్దంటారు?" అని పిల్ల తల్లి. "మీరు చెప్తే మావాళ్లు వింటారు సార్" అని శిష్యుడు నన్ను కోరెను. ముప్పదియేండ్లు పిల్లలను ప్రశ్నలడిగినవాడనయ్యు, ఆ పూట జవాబు చెప్పలేక గడువు కోరితిని. ఆ గడువులో తేలిన యభిప్రాయమే యీ వ్యాసము. ఇట్టి సందిగ్ధము ఈనాడు పెక్కు ఉపాధ్యాయుల యిండ్లలోను, రేపు నేటి విద్యార్థుల యిండ్లలోను కలుగునది గావున నలుగురి యెదుట నుంచుచున్నాను.

మన యవ్వల కాలమున ఈ ప్రశ్న పుట్టుటకే తావు లేదు. 1929వ సంవత్సరపు శారదా చట్టము ఆడపిల్లల కనీస వివాహ వయస్సును 14 ఏండ్లుగను, మగపిల్లలకు 18 ఏండ్లుగను నిర్ణయించెను. దానినైనను పాటింపనివారు పల్లెపల్లెనను ఉండిరి. 1978లో జరిగిన సవరణ వలన ఆ వయస్సులు 18, 21 అయినవి. నాడు పెండ్లికిని తొలికాన్పునకును నడుమ నిడివి యెంత యుండవలెనో నిర్ణయించునది దంపతులు గారు; దైవమో, అత్తగారో. నేడు ఆడపిల్ల చదివినది, సంపాదించుచున్నది, కాన్పు ఎప్పుడన్నది తానును నిర్ణయింప గలిగినది. ఆ నడిమి కాలము మన చదువులు మనకు సంపాదించి పెట్టిన క్రొత్త యాస్తి. దానిని వినియోగించు విధము మాత్రము ఏ పెద్దలును మనకు నేర్పియుండలేదు, వారికి అది లేకుండెను గావున.

మన సీమవారికి దూరప్రయాణములు అలవాటు కాకుండుటకు మరియొక కారణము గలదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణములకు రైలు వచ్చినది 2016లో, నంద్యాల-ఎఱ్ఱగుంట్ల మార్గము తెఱచిన పిదపనే. అంతకు మునుపు రైలెక్కవలెనన్న ఎఱ్ఱగుంట్లకో ముద్దనూరుకో చేరవలసినదే. పులివెందులకు నేటికిని రైలు లేదు. కనుక మనకు యాత్రయన్న తిరుపతి మొక్కు, ప్రయాణమన్న వేలూరు ఆసుపత్రి. ఈ రెండును గాక, ఊరక చూచుటకై పోవువానిని పనిలేనివాడనుట మన వాడుక. పెద్దల యాక్షేపణలో సగము ఈ వాడుకయే.

అయినను మన నేల సంచారులను ఎఱుగనిది కాదు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) బాల్యముననే యిల్లు విడిచి తిరుమలకు నడచిపోయెననియు, తరువాతనే తిరిగివచ్చి గృహస్థుడయ్యెననియు ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్ర చెప్పుచున్నది. పోతులూరి వీరబ్రహ్మముగారు తల్లి యనుమతి గైకొని దేశాటనము చేసి, బనగానపల్లెలో కొంతకాలముండి, కందిమల్లాయపల్లె చేరి, ఆ పిమ్మటనే గోవిందమ్మను వివాహమాడిరని ఐతిహ్యము. గోవిందమ్మ పుట్టినిల్లు పెదకొమెర్ల మన జమ్మలమడుగు ప్రాంతమే. బ్రహ్మముగారి మఠమునకు ఏటేట పోయి మ్రొక్కు పెద్దలు, ఆయన తిరిగిన తరువాతనే సంసారము చేసెనన్న సంగతిని మాత్రము ఇంటికి వచ్చునప్పటికి మఱచుచున్నారు.

ఇక గండికోట నుండి మరియొక సాక్ష్యము. టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు 1652లో రత్నముల బేరమునకై గండికోటకు వచ్చి, అచట గోలకొండ సుల్తాను మంత్రియగు మీర్ జుమ్లాను దర్శించెను. జమ్మలమడుగునకు పదునైదు కిలోమీటర్ల దూరముననున్న ఆ కోటను గూర్చి ఐరోపావారు చదివినది అతని గ్రంథముననే. 1605లో పుట్టిన యీతడు పసితనము దాటినది మొదలు తిరుగుచునే యుండి, 1662లో, అనగా ఏబదియేండ్లు బాగుగా దాటిన పిదప పెండ్లాడెను. పెండ్లియైన మరుసటి యేడే మరల తూర్పుదేశములకు బయలుదేరెను. సంచారమునకు గడువు పెట్టుకొననివానికి ఇల్లు ఒక మజిలీ మాత్రమే యగునని యీతని కథ చెప్పుచున్నది. యాత్రను ముందు పెట్టుకొనుట వేరు, యాత్రనే బ్రదుకు చేసికొనుట వేరు.

దీనికి ప్రతిగా ఏనుగుల వీరాస్వామయ్యగారిని చూడుడు. మద్రాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారముతో బయలుదేరి, మన కడప మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. ఆ యాత్రాచరిత్ర తెలుగువారి భాగ్యము. అయితే ఆయన పోయినది నడివయస్సు దాటిన పిదప, సంపాదన, హోదా, పరిజనము సమకూరిన పిదప. బోయీలు మోసిన పల్లకీ ఎల్లరకును దొరకునా? "పెద్దయినాక పోదాములే" యను మాట వీరాస్వామయ్యగారికి చెల్లినది. మన సాధారణ గృహస్థులకు చెల్లదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. "పిల్లోడు పుట్టినాక పోతే ఎవరొద్దంటారు?" అని ఆ తల్లి యడిగినది న్యాయమైన ప్రశ్నయే. దానికి నా జవాబు ఇది: బిడ్డ పుట్టిన పిదప యాత్ర ఆగిపోదు. కాని యిద్దరి యాత్ర ఒక్కరి యాత్ర యగును. ఒకరు పోవుదురు, ఒకరు నిలుతురు. నిలుచునది సాధారణముగా ఎవరో వేరుగ చెప్ప నక్కరలేదు.

రాహులుడు పుట్టిన రాత్రియే సిద్ధార్థుడు గృహము విడిచెనని బౌద్ధుల కథ. లోకము బుద్ధుని పొందినది. యశోధర పొందినది ఆ పసివాని యూయెల. నవీనకాలమున రాహుల్ సాంకృత్యాయన్ (1893-1963) సంచారమునే ఒక శాస్త్రముగా హిందీలో వ్రాసెను. సంచారికి పెండ్లి సంకెల యని వాదించెను. తాను మాత్రము రష్యాలో పెండ్లాడి, 1947లో భార్యను, కుమారుని అచటనే విడిచి స్వదేశమునకు వచ్చెను. మన ప్రొద్దుటూరిలో ఉపాధ్యాయులై యుండి శివతాండవమును రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు గృహస్థులైన పిదపనే హిమాలయములకు పోయి, ఋషీకేశమున స్వామి శివానందులచే "సరస్వతీపుత్ర" యను బిరుదమును పొందిరి. వారి కవిత్వమునకు నేను దోసిలియొగ్గువాడను. కాని ఆ దినములలో ఇంట దీపము పెట్టి పిల్లలను చూచుకొన్న కనకమ్మగారును కవయిత్రియే యని మనము తలచుకొనవలెను. ఆమెకును హిమాలయములను చూడ ముచ్చటయుండెనా యని ఎవరడిగిరి?

ఇవి మహనీయుల కథలు. మన బడులలో ప్రతిదినము కానవచ్చు కథ వేరొకటి కలదు. మన జిల్లానుండి ఎందరో కువైటునకు పోయిరి. పురుషులే గాక, పసిబిడ్డలను జేజియొద్ద విడిచి ఇండ్లలో పనికి పోయిన తల్లులును గలరు. వారిది వేడుక ప్రయాణము కాదు. కరవును, అప్పును తరిమిన ప్రయాణము. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అయితే జీవితపత్రము మీద సంతకమునకు జేజిని పిలుచుకొని వచ్చు పిల్లవానిని చూచిన ఏ యుపాధ్యాయుడును "పిల్లలు పుట్టినాక పోవచ్చులే" యను మాటను తేలికగా అనలేడు. పోవలసివచ్చుట వారి దురదృష్టము. పోవుటకు వేళ యెన్నుకొనగలుగుట మన శిష్యుల యదృష్టము.

నా మాటయు చెప్పకున్న ఇది పరోపదేశ మగును. నేను విద్యార్థుల విహారయాత్రల పేర హంపిని, అజంతాను, ఢిల్లీని, ఆగ్రాను చూచితిని. ప్రతి పర్యాయమును నా భార్య చపాతీలు కట్టి, పిల్లలతో వాకిట నిలిచి సాగనంపెను. ఆమెకు కాశిని చూడవలెనని కోరిక. "పిల్లలు పెద్దవారు కానీ" యంటిని. వారు పెద్దవారైన పిదప చదువులు, చదువులైన పిదప పెండ్లిండ్లు, పెండ్లిండ్లైన పిదప మనుమలు. నేడు పదవీవిరమణ చేసి తీరికగా నున్నాను. ఆమె మోకాళ్లు మేడమెట్లే యెక్కనీయకున్నవి, ఇక గంగ మెట్లెట్లు దిగును? ఎవరును ఆమెను వలదనలేదు. ఎవరును వలదనకయే ఒక జీవితకాలపు ప్రయాణము ఆగిపోవచ్చునని నాకు ఆలస్యముగా తెలిసినది.

ఇంత చెప్పినను, ఎదుటి పక్షమున బలము లేదనుట అన్యాయము. అన్నిటికన్న గట్టి యాక్షేపణ శరీరధర్మమునకు సంబంధించినది. స్త్రీకి గర్భధారణశక్తి ముప్పది రెండేండ్ల ప్రాంతమునుండి మెల్లగను, ముప్పది యేడు దాటిన పిదప వేగముగను తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు. ముప్పది యైదు దాటిన కాన్పులలో తల్లికిని బిడ్డకును చిక్కులు హెచ్చు. పురుషుని వయస్సునకును లెక్క లేకపోలేదు. 27 ఏండ్ల యమ్మాయి ఒక సంవత్సరము ఆగిన మునిగిపోవునది లేదు. 34 ఏండ్ల యామె "ఇంక రెండేండ్లు తిరిగి వత్తును" అన్నచో, ముందు వైద్యురాలిని చూచి, పిమ్మట రైలు టిక్కెట్టు చూడుమందును. ఇదివరకే గర్భము నిలువని వారికిని ఇదియే మాట. పర్వతములు పదియేండ్లైనను నిలిచియుండును. దేహమునకు ఆ యోపిక లేదు.

రెండవది తలిదండ్రుల వయస్సు. మనుమని నెత్తుకొనవలెనను ఆరాటమును మనము పరిహసింప గూడదు. పులివెందుల పల్లెలో వేరుసెనగ పీకి నడుము వంగిన తండ్రికి ఆ బిడ్డయే విశ్రాంతి. ఇంటిలో మంచము పట్టినవారున్నచో ఏడాది ప్రయాణము తలపెట్టుట ధర్మము గాదు. మూడవది ఉద్యోగము. సెలవు మనకు హక్కు కాదు. మంజూరు చేయుట అధికారుల యిష్టము. పదవ తరగతి పిల్లలను నడిసంవత్సరమున విడిచి పోవు ఉపాధ్యాయునకు ఏ తీర్థమును పుణ్యమీయదు. పబ్లిక్ పరీక్షలు ముగిసిన పిదప బయలుదేరి, మరుసటి వేసవికి తిరిగివచ్చునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

నాలుగవది ధనము. ఇందు పెద్దల మాటను నేను సగమే అంగీకరింతును. పులివెందుల రైతు చీనీ చెట్లు నాటినచో అవి కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. అంతదాక ఆ సాళ్ల నడుమ నేలను బీడు పెట్టడు, వేరుసెనగ వేసికొనును. అయితే చీనీమొక్క నీటిని త్రాగివేయు పైరును మాత్రము వేయడు. దంపతుల తొలియేండ్లును అట్టివే. సంతానమునకు ముందు కాలమును బీడు పెట్ట నక్కరలేదు; కాని రేపటి కాన్పునకు, బిడ్డ మందునకు, పెద్దల వైద్యమునకు కావలసిన ధనమును యాత్ర త్రాగివేయరాదు. చేతిలోని ఐదు లక్షలలో రెండు లక్షలు ముట్టక బ్యాంకులో నుంచి, తక్కిన మూటితో ఎంత దూరము పోగలరో అంత దూరమే పోవలెను. అప్పుచేసి తిరుగుట కన్న అప్పులేక గండికోట చూచుట మేలు. ప్రొద్దుటూరు బంగారపు టంగళ్లు ఏడాది తరువాతను తెఱచియే యుండును.

ఐదవ యాక్షేపణ "నలుగురు ఏమనుకుంటారు?" అనునది. ఆ నలుగురు అనుకొనునది నాకు తెలియును: బిడ్డలు కలుగలేదు గావున తీర్థములు తిరుగుచున్నారని యందురు. ఈ మాట ఆడపిల్లకు ముల్లువలె గ్రుచ్చుకొనును, మగవానికి తగులదు. కనుక ఆ మాటకు అడ్డునిలువవలసినవాడు భర్త. "ఇది మా యిద్దరి నిర్ణయము" అని తన తల్లియెదుట, అత్తయెదుట అతడు ముందుగా చెప్పవలెను. అంత ధైర్యము లేనిచో హిమాలయముల కెక్కుట యెందులకు?

ఇట్టి నిర్ణయమునకు వచ్చు యువదంపతులకు నేను చెప్పునది స్వల్పము. కోరిక ఇరువురిదియు కావలెను. ఒకరి ముచ్చటకు మరియొకరు మూట మోయుట సహయాత్ర గాదు. బయలుదేరు దినమువలెనే తిరిగివచ్చు దినమును గూడ కాగితము మీద వ్రాసి పెద్దల చేతికీయవలెను. ఇంటిలో కలహమునుండి పారిపోవుటకు పోరాదు. ఆ కలహము అదే రైలులో మీ ప్రక్కనే కూర్చుండును. తల్లిదండ్రులగుటకు భయపడి పోవువారు తమ భయమునకు యాత్ర యని పేరు పెట్టరాదు. సంతానమే వలదనుకొనువారి సంగతి వేరు. అది వారి స్వవిషయము, ఈ వ్యాసమునకు విషయము గాదు.

ఇంతకును ఏడాది తిరిగి తెచ్చునదేమి? పటములు, పటముల క్రింద పేర్లు మాత్రమే యైనచో ఆ సొమ్ము దండుగ. ఆ యమ్మాయి నాతో అన్న మాట మరపునకు రాదు. "సార్, బ్రహ్మపుత్ర వరదల పాఠం నాలుగేండ్లుగా చెప్తున్నా. పిల్లోళ్లు పెన్న అంత ఉంటుందా అని అడుగుతారు. పెన్నలో నీళ్లు చూడటమే మాకు పండుగ. నాకు ఏం చెప్పాలో తెలీదు." ఇసుక తప్ప నీరు తఱచుగా కానని పెన్న యొడ్డున పెరిగిన పిల్లలకు, ఆవలి దరి కానరాని నదిని మాటలలో చూపవలెనన్న, ఆ మాట పలుకు కన్ను దానిని చూచియుండవలెను. తన భాష చెల్లని యూరిలో అన్నము అడిగి తినినవాడు, మన బడికి వలసవచ్చిన కూలివాని బిడ్డను వెనుక బల్లమీద ఒంటరిగా కూర్చుండనీయడు. అన్నిటికన్న మిన్నగా, పరాయి యూరిలో రైలు తప్పినప్పుడు, జ్వరము వచ్చినప్పుడు, డబ్బు తక్కువైనప్పుడు భార్యాభర్తలు ఒకరినొకరు ఎఱుగుదురు. బిడ్డ రాకమునుపు తెలియవలసిన సంగతులలో అది మొదటిది.

ఇది ఎల్లరకును చెల్లు ధర్మమని నేననను. అప్పులో మునిగిన రైతు కొడుకునకు, ముసలి తల్లి నొంటిగా సాకు కూతురునకు ఏడాది మాట యటుంచి వారము దినములైనను దొరకవు. వారికి నేను చెప్పునది: వేసవి సెలవులున్నవి, దసరా సెలవులున్నవి. ఇరువురును కలసి పొండు. ఒకరు మాత్రమే పోవు అలవాటును తొలియేటనే మొలవనీయకుడు. గండికోటను కన్నులార చూడని ప్రొద్దుటూరివారు ఎందరో కలరు. ఆ యెఱ్ఱని రాతిగోడల నడుమ పెన్న పారు చోట నొక సాయంకాలము కూర్చుండుటకు జీతము లేని సెలవు అక్కరలేదు.

కడపటి మాట. గడువు ముగిసిన పిదప, మొన్న ఆదివారము, నేను జమ్మలమడుగునకు పోయి ఆ పిల్ల తల్లిదండ్రులతో ఈ సంగతులన్నియు ముచ్చటించితిని. పిల్లవాని తండ్రియు పులివెందులనుండి వచ్చియుండెను. ఆయన తిరిగివచ్చు దినము వ్రాసిన కాగితమును రెండుమారులు చదివి, మడచి జేబులో పెట్టుకొనెను, ఔననలేదు, కాదనలేదు. పిల్ల తల్లి మాత్రము చాలసేపు కొంగుతో చేతులు తుడుచుకొనుచు నిలిచి, కడకు కూతువంక గాక నావంక చూచి, "కాశీ దాకా నేనూ వస్తానంటే తీసుకపోతారా సార్?" అని యడిగెను.

కూతురు తల్లి చేయి పట్టుకొనెను. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఈ మాట నా భార్యతో చెప్పితిని. ఆమె వెంటనే, "మోకాళ్లకు పట్టీలు కట్టుకుంటే మెట్లు దిగలేనా?" అనెను. మేమును ఫాల్గుణములో బయలుదేర నెంచుచున్నాము.